హైదరాబాదులో పురావస్తు ఉపన్యాసాలు, స్థల సందర్శనలు: ఎక్కడ దిగాలి, ఏది ముందు చూడాలి

శుక్రవారాన్ని మ్యూజియాలకు పెట్టుకోకండి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నాలుగింటికీ సెలవు ఆరోజే. మక్కా మసీదు చుట్టూ మధ్యాహ్నం నమాజు రద్దీ ఉంటుంది. ఉపన్యాసాలు, నడకలు ఎక్కువగా శని, ఆదివారాల్లోనే పెడతారు కాబట్టి, ఊరి నుంచి వచ్చేవాళ్లు శుక్రవారం సెలవు తీసుకుని మూడు రోజులు కలిపేస్తుంటారు. అలా వస్తే మొదటి రోజు గోల్కొండకు ఇవ్వండి. గోల్కొండ, చార్మినార్ రెండూ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి, వారమంతా తెరిచే ఉంటాయి. టికెట్టు 25 రూపాయలు, ఆన్‌లైన్‌లో తీసుకుంటే 20. 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. గేటు దగ్గర ఫోన్ సిగ్నల్‌తో కుస్తీ పట్టే బదులు ముందు రాత్రే కొని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మేలు.

కార్యక్రమాలు ముమ్మరంగా జరిగే రోజులు కూడా తెలిసినవే: ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, మే 18 మ్యూజియం దినం, నవంబరు 19 నుంచి 25 దాకా వారసత్వ వారోత్సవాలు. మూడింటిలో నవంబరుకే నా ఓటు. మేలో ఉపన్యాసం వినొచ్చు గానీ గోల్కొండ ఎక్కలేం. నల్లరాతి గుట్ట పదింటికే సెగలు కక్కుతుంది.

బస సంగతి

గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు గదులు శుభ్రంగా, కొత్తగా ఉంటాయి. కానీ పాతబస్తీలో పొద్దున్న ఏడింటికి మొదలయ్యే నడకకు అక్కడి నుంచి రావాలంటే ఐదున్నరకే లేవాలి. ఈ పనిమీద వచ్చేవాళ్లకు నాంపల్లి, అబిడ్స్, కోఠి, లక్డీకాపూల్ మధ్య ఎక్కడ దిగినా సరిపోతుంది. నాంపల్లి మెట్రో నుంచి స్టేట్ మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దిగితే కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ పక్కనే. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే చార్మినార్. మెట్రో ఇంకా చార్మినార్ దాకా పోలేదు, ఆ చివరి ముక్కకు ఆటోయే గతి.

నాంపల్లి స్టేషన్ ఎదురు లాడ్జీల్లో గది చూడకుండా డబ్బు కట్టొద్దు. మూడు సంగతులు అడగండి: గది రోడ్డు వైపా, వెనక వైపా, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, చెక్అవుట్ 24 గంటల లెక్కా, పొద్దున్న లెక్కా. చాలాచోట్ల ఏడింటి తర్వాతే గీజర్ వేస్తారు, అప్పటికి మీ నడక మొదలైపోయి ఉంటుంది. 24 గంటల లెక్కయితే తెల్లారి రైలు దిగినవాళ్లకు లాభం. పొద్దున్న లెక్కయితే మొదటి మూడు గంటలకే ఒక రోజు అద్దె పోతుంది.

గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధుల కోసమే రెండు రోజులు వచ్చేవాళ్లకు తారామతి బారాదరిలోని టూరిజం వాళ్ల హరిత హోటల్ నయం. రెండూ దగ్గర. సాయంత్రం బారాదరి మెట్లెక్కితే కోట కనిపిస్తుంది. చిక్కల్లా నగరంలో సాయంత్రం ఉపన్యాసం విని తిరిగి వెళ్లడమే, రాత్రి తొమ్మిది దాటాక ఆటోలు అటు రావడానికి బేరాలు పెడతాయి. ఫలక్‌నుమా గురించి కూడా అడుగుతుంటారు. 1893లో పూర్తయిన ప్యాలెస్, 2010 నుంచి తాజ్ హోటల్. ఆ ఖర్చు భరించగలిగితే భవనం చూడాల్సిందే, కానీ నాలుగు స్థలాలు తిరగడానికి వచ్చినవాళ్లకు అది బస కాదు, అదే ఒక స్థలం.

ఉపన్యాసం మంచిదో కాదో ఎలా తెలుస్తుంది

బంజారాహిల్స్‌లోని లామకాన్ సాంస్కృతిక వేదిక, సాలార్‌జంగ్ మ్యూజియం హాలు, గచ్చిబౌలి ఉర్దూ విశ్వవిద్యాలయంలోని షేర్వానీ దక్కన్ అధ్యయన కేంద్రం, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ హైదరాబాద్ శాఖ కార్యక్రమాలు: ఈ నాలుగింటి మీద కన్నేసి ఉంచితే చాలావరకు సరిపోతుంది. ఎక్కువ ఉచితమే. లామకాన్ ఆరుబయలు, ఛాయ్ సమోసా చవక, వాతావరణం కలుపుగోలుగా ఉంటుంది. కాకపోతే దోమలుంటాయి, పార్కింగు దొరకదు. ఉర్దూ విశ్వవిద్యాలయంలో గది చల్లగా ఉంటుంది, చర్చ లోతుగా సాగుతుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు. ఇంగ్లిషులో మాట్లాడేవాళ్లే ఎక్కువ. తెలుగు ఉపన్యాసాలు తక్కువ, ఉన్నవాటిలో శాసనాల మీద జరిగేవి బాగుంటాయి.

వక్త వేసే బొమ్మలు చూస్తే అరగంటలో తేలిపోతుంది. ప్రతి ఫోటో కింద ఊరు, జిల్లా, కొలత, ఎప్పుడు తీసిందో ఉంటే కూర్చోండి. తవ్వకం గురించి చెబుతూ పొరల బొమ్మ చూపించకుండా దొరికిన పూసలు, నాణేలు మాత్రమే చూపిస్తే, మీరు వింటున్నది నగల ప్రదర్శన. ఒక నాణెం ఏ పొరలో, ఏ కుండపెంకుల పక్కన దొరికిందో తెలియకపోతే దానితో కాలం కట్టడం కుదరదు.

శాసనం నకలు తీయడం చూపించే కార్యక్రమం ఉంటే మాత్రం ఏ పని ఉన్నా మానుకుని వెళ్లాలి. ముందు రాతిని మెత్తని కుంచెతో, నీళ్లతో శుభ్రం చేస్తారు. తడిపిన కాగితం పరిచి, మధ్య నుంచి అంచులకు గాలి బుడగలు తోసేస్తారు. తర్వాత గట్టి కుంచెతో కొడుతూ కాగితాన్ని అక్షరాల గుంటల్లోకి దిగగొడతారు. కాగితం సగం ఆరాకే మసి అద్దాలి. తొందరపడితే మసి గుంటల్లోకి పాకి అక్షరం పూడిపోతుంది, ఆలస్యమైతే కాగితం లేచిపోతుంది. సరిగ్గా వస్తే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు నిలుస్తాయి. ఇది అనుమతి ఉన్నవాళ్లు చేసే పని. మీరు స్థలానికి వెళ్లినప్పుడు అక్షరాలు కనిపించకపోతే సుద్ద రుద్దొద్దు, నూనె పూయొద్దు. చిన్న టార్చి తీసుకెళ్లి పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించి వెలుతురు వేయండి. గుంటల్లో నీడ పడి అక్షరం లేచి కనిపిస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఉన్నది కూడా పోతుంది.

స్టేట్ మ్యూజియం ముందు, కోట తర్వాత

చాలామంది నేరుగా చార్మినార్‌కు పోతారు. వచ్చింది శుక్రవారం కాకపోతే, మొదటి ఉదయం స్టేట్ మ్యూజియంలో గడిపితే తర్వాత చూసేవాటికి అర్థం పెరుగుతుంది. హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ 1914లో మొదలైంది, తొలి డైరెక్టరు గులాం యజ్దానీ. అజంతా చిత్రాలను కాపాడటానికి 1920ల మొదట్లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించింది ఈ శాఖే. అందుకే ఇక్కడ అజంతా నకళ్ల గది ఉంది. జనం మాత్రం ఈజిప్టు మమ్మీ దగ్గర మూగుతారు, 2016లో దాన్ని ఆక్సిజన్ లేని నైట్రోజన్ పెట్టెలోకి మార్చారు. మమ్మీకి పది నిమిషాలు చాలు. బౌద్ధ శిల్పాలకు, నాణేల గదికి గంట గంట ఇవ్వండి. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిన యేలేశ్వరం తవ్వకాల వస్తువులకు పక్కనే వేరే పెవిలియన్ ఉంది, అటు వెళ్లేవాళ్లు తక్కువ. పేర్ల పలకలు కొన్నిచోట్ల పొట్టిగా ఉంటాయి, తవ్వకం జరిగిన ఏడాది ఉండదు. ముందు ఉపన్యాసం విని వెళ్లమనేది అందుకే.

చార్మినార్ దగ్గర నడక పొద్దున్న ఏడింటికి మొదలైతేనే పని జరుగుతుంది. దుకాణాలు తెరిచాక తల పైకెత్తి గచ్చు పని చూసే వీలే ఉండదు. గుంపులో 20 మంది దాటితే, మార్గదర్శి దగ్గర చిన్న మైకు కూడా లేకపోతే, వెనకవాళ్లకు వినిపించేది హారన్లే. 1591 నాటి కట్టడం, ఒక్కో వైపు 20 మీటర్లు. మెలికల మెట్లు 149, ఇరుకు, ఒక్కో మెట్టు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచే చూడటం మంచిది, ఎందుకంటే మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. పై అంతస్తులోని మసీదుకు, మీనార్ల మీదికి పంపించరు, మొదటి అంతస్తు వసారా వరకే. 2019 మేలో ఒక మీనారు మీంచి గచ్చు పెళ్ల ఊడిపడింది, కింద నుంచి బైనాక్యులర్స్‌తో చూస్తే పాత గచ్చుకు, కొత్త పూతకు రంగు తేడా పట్టుకోవచ్చు.

అక్కడికి నడక దూరంలోనే బాద్షాహీ ఆషూర్‌ఖానా, అంటే మొహర్రం పీర్లను నిలిపే చోటు. లోపలి గోడలకు పదిహేడో శతాబ్ది తొలినాళ్ల రంగుపలకల అతుకుపని ఉంది. ఊళ్లో దీనికి సాటి వచ్చేది లేదు. 1908 మూసీ వరదకు కింది భాగం పాడైంది. ఆ ఎత్తులో పలకలు పోయి రంగు పూసిన నకలు ఉంటుంది, వేలితో తాకక్కర్లేదు, మెరుపులోనే తెలిసిపోతుంది. ఇది పూజా స్థలం, చెప్పులు బయటే వదలాలి. మొహర్రం రోజుల్లో చూడటానికి కాదు, మొక్కడానికి వచ్చేవాళ్లదే చోటు. టిఫిన్ సంగతంటారా, నిమ్రాలో ఛాయ్, ఉస్మానియా బిస్కెట్టు, ఆపైన గుల్జార్ హౌజ్ వైపు దోసె బండ్లు. కూర్చుని తినాలంటే మదీనా దగ్గర షాదాబ్ వైపు వెళ్లాలి.

గోల్కొండ: చప్పట్లు ఎక్కడ కొట్టాలి

కింద చప్పట్లు కొడితే కొండపైన వినిపించే చోటు ఫతే దర్వాజా అని పుస్తకాల్లో రాస్తారు, జనం అక్కడ నిలబడి చప్పట్లు కొట్టి ఏమీ కాలేదని పెదవి విరుస్తారు. కొట్టాల్సింది బాలాహిసార్ ద్వారం దాటిన వెంటనే, పైన పలకలు పలకలుగా చెక్కినట్టుండే కప్పు కింద. ద్వారం దాటే ముందు తలెత్తి చూడండి, కమాను రెండు మూలల్లో గచ్చుతో చేసిన సింహాలు, యాళులనే కల్పిత జంతువులు ఉంటాయి. సుల్తానుల కోటకు దక్కన్ దేవాలయ శిల్పుల చెయ్యి తగిలిందనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

గేటు దగ్గర గైడ్లు చుట్టుముడతారు. గుర్తింపు కార్డు చూపించమనండి, రేటు, సమయం ముందే తేల్చుకోండి. ఆ తర్వాత ఒకే ప్రశ్న వేయండి: గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందా? ఉందని కథ అందుకున్నవారికి దండం పెట్టి ఇంకొకరిని చూసుకోండి. అలాంటి సొరంగం ఏ తవ్వకంలోనూ బయటపడలేదు. నీళ్లు ఎలా ఎక్కించారో చూపించగలిగినవారైతే అడిగినంత ఇవ్వొచ్చు. దుర్గం చెరువు నుంచి మట్టి గొట్టాల్లో నీరు కోట కింది తొట్లకు చేరేది. అక్కడి నుంచి చక్రాలతో మెట్టు మెట్టుగా పై తొట్లలోకి తోడేవారు. గోడల్లో పెళ్ల ఊడినచోట ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి: ఎర్రమట్టివి, ఒకదాని మూతి ఇంకొకదానిలోకి దూర్చి, చుట్టూ సున్నంతో బిగించినవి.

పైకి సుమారు 360 మెట్లు. అక్కన్న మాదన్నల కచేరీ, రామదాసు బందిఖానా, అంబర్‌ఖానా అనే గిడ్డంగి మీదుగా ఎక్కి, రెండో వైపు నిటారు మెట్లు దిగి రాణీమహళ్ల దగ్గర తేలడం సుఖం. తిరగేసి వెళితే ఆ నిటారు మెట్లు ఎక్కలేక సగంలో కూలబడతారు. అంబర్‌ఖానా దగ్గర నల్లరాతి మీద 1642 నాటి పారసీ శాసనం ఉంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు కింది నుంచే తీసుకెళ్లండి. 2020 అక్టోబరు వానలకు కోట గోడ కొంత కూలింది, వానాకాలంలో బురుజుల అంచులకు పోకండి.

అసలు పాఠం సమాధుల దగ్గరే

కుతుబ్‌షాహీ సమాధులకు కనీసం మూడు గంటలు పెట్టుకోండి. గేటు నుంచి కనిపించే వరస కాలక్రమం కాదు. అడుగుతూ ముందు సుల్తాన్ కులీ సమాధికి వెళ్లండి, 1543లో పోయినవాడు, చిన్నది, సాదాగా ఉంటుంది. అక్కడి నుంచి ఎనిమిది పలకల, రెండంతస్తుల జంషీద్ సమాధి, తర్వాత రంగుపలకల ఆనవాళ్లు మిగిలిన ఇబ్రహీంది, 42 మీటర్ల మహమ్మద్ కులీది, చివర అబ్దుల్లాది. ఈ వరసలో తిరిగితే గుమ్మటం కింది తామర రేకులు ఎలా పెరిగాయో, వసారాలు ఎప్పుడు చేరాయో ఎవరూ చెప్పక్కర్లేదు. చివరి సుల్తాను తానీషా సమాధి ఇక్కడ వెతకొద్దు. ఆయన్ను మహారాష్ట్రలోని ఖుల్దాబాదులో పూడ్చారు.

2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి ఇక్కడ చేసిన పని చూడటానికే వచ్చేవాళ్లున్నారు, రావాలి కూడా. ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరుతో గుమ్మటాల మీద సిమెంటు పూశారు. దాన్ని ఒలిచి మళ్లీ డంగు సున్నం వేశారు. తేడా ఎందుకంటే, సున్నపు గచ్చు గోడలోని తేమను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమతోపాటు వచ్చిన లవణాలు పూత వెనకే గడ్డకట్టి, పెరిగి, గచ్చును బయటికి తోస్తాయి. ముందు ఉబ్బు, తర్వాత జుట్టు మందం పగుళ్లు, ఆపైన పెళ్లకు పెళ్ల ఊడటం. నగరంలో మీరు చూసే పాత మసీదుల్లో ఎక్కడ బూడిదరంగు గట్టి మచ్చ కనిపించినా దాని చుట్టూ ఈ మూడు దశల్లో ఏదో ఒకటి ఉంటుంది.

డంగు సున్నం తయారీలో తొందర పనికిరాదు. కాల్చిన సున్నాన్ని నీళ్లలో వేసి, ముద్దను రోజుల తరబడి నాననిస్తారు. ఒక పాలుకు రెండు మూడు పాళ్ల ఇసుక కలిపి గానుగలో రాతి చక్రం కింద నూరతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ, మారేడు గుజ్జు లాంటివి చోటును బట్టి చేరతాయి. సరిగ్గా నానని సున్నంలో గింజంత పలుకులుంటాయి. అవి గోడెక్కాక నీరు తగిలి విచ్చుకుని చిన్న చిన్న గుంటలు పడేస్తాయి. కొత్త పూత దగ్గర నిలబడి గుంటలు లెక్కపెట్టండి, మేస్త్రీ పనితనం తెలిసిపోతుంది.

ఆవరణలోని బడీ బావోలి అనే దిగుడుబావి 2013 వానలకు ఒక పక్క కూలింది. మళ్లీ రాళ్లు పేర్చి నిలబెట్టారు. ఇక్కడి దిగుడుబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారాల్లో రెండో శ్రేణి, అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్ దక్కింది. పక్కనే శవ స్నానాల హమామ్, దాని నీటి కాలువలు తప్పక చూడండి. మరుగుదొడ్లు, నడక దారులు మిగతా స్థలాలకన్నా మెరుగు. తిండికి మాత్రం బయటికి రావాలి.

నిజాముల కొలువులోని పైగా వంశ ప్రభువుల సమాధులను కూడా ఇదే కన్నుతో చూడొచ్చు. పిసల్‌బండలో, సంతోష్‌నగర్ దగ్గర ఉంటాయి. గచ్చు జాలీలు, ఒక్కోదాని అల్లిక ఒక్కో తీరు. గంటన్నర చాలు. క్యాబ్ వాళ్లు దారి తప్పుతారు, ఒవైసీ ఆస్పత్రి అని చెప్పి అక్కడి నుంచి అడగడం సులువు.

కోఠి రెసిడెన్సీకి అనుమతి ముందే ఉండాలి. 1803లో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కాలంలో మొదలైన భవనం, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. పరీక్షల రోజుల్లో పేరున్న నడకను కూడా గేటు దగ్గర ఆపేస్తారు. మార్గదర్శితో జరిగే వారాంతపు సందర్శనలో చేరడం సులువైన దారి. ముఖమంటపం ఉత్తరం వైపు తిరిగి ఉంటుంది, మూసీ ఉన్నది వెనక, దక్షిణాన.

పేర్లు ఒకటే, ఊళ్లు వేరు

నగరం దాటి తవ్వకాల స్థలాలకు వెళ్లేవాళ్లు క్యాబ్ యాప్‌తో జాగ్రత్త. కొండాపూర్ అని కొడితే గచ్చిబౌలి పక్కన ఐటీ కొండాపూర్‌లో దింపుతుంది. 1940ల మొదట్లో యజ్దానీ తవ్వించిన శాతవాహన స్థలం సంగారెడ్డి జిల్లాలో ఉంది. అక్కడ కోటగడ్డ అని పిలిచే దిబ్బ మీద ఇప్పుడు చూడటానికి పెద్దగా ఏమీ కనిపించదు, చూడాల్సిన వస్తువులు అక్కడి మ్యూజియంలోనే: మట్టిబొమ్మలు, పూసలు, సీసపు నాణేలు. దానికీ శుక్రవారమే సెలవు. భోజనం సంగారెడ్డిలో చేసి వెళ్లండి.

ఫణిగిరి కూడా అంతే. చైతన్యపురిలో మూసీ ఒడ్డున ఫణిగిరి కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. అక్కడి బండ మీది ప్రాకృత శాసనం గోవిందరాజ విహారం పేరు చెబుతుంది, నగరం లోపల దొరికిన అతి పాత శాసనం ఇదే అంటారు. మెట్రోలో చైతన్యపురి దిగి ఆటోలో వెళ్లి గంటలో చూసి రావచ్చు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి పూర్తిగా వేరు. అది కొండ మీది బౌద్ధ క్షేత్రం. మహాస్తూపం, అర్ధవృత్తాకారపు చైత్యాలు, విహారాల పునాదులు ఉంటాయి. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికింది ఇక్కడే. దీనికి పూర్తి రోజు కేటాయించాలి. ముఖ్యమైన శిల్పాలు కొండమీద ఉండవు. తోరణపు ముక్కల ఫోటోలు ముందుగా చూసుకుని వెళితే ఏ పునాది దగ్గర ఏది నిలబడి ఉండేదో ఊహించుకోవచ్చు. కొండ మీద నీడ లేదు, నీళ్లు లేవు. పొద్దున్న ఆరింటికి హైదరాబాదులో బయల్దేరి, ఎండ ముదరకముందే పైకెక్కి, మధ్యాహ్నానికల్లా దిగి సూర్యాపేటలో భోంచేయండి. బస్సులో వెళ్లేవాళ్లు సూర్యాపేటలో దిగి, తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోను మాట్లాడుకుని పెట్టుకోవాలి, ఎందుకంటే ఫణిగిరి ఊళ్లో మధ్యాహ్నం పూట ఆటో దొరకడం కష్టం.